తాత సేనా మెడల్‌కు ఫ్రేమ్ కట్టించాం: నల్గొండ ప్రకాశం బజార్‌లోని ఈ షాపు గురించి

మీ ఇంట్లో మిలటరీ మెడల్స్ ఉండి, ట్రంకు పెట్టెలోనో బీరువా అడుగునో పడి ఉంటే ఈ షాపుకు ఒకసారి వెళ్లండి. ముందే చెప్తున్నా, చెప్పిన రోజుకు ఇవ్వరు, ఫోన్ చేస్తే ఎత్తరు, బండి పెట్టుకోవడానికి జాగా ఉండదు. అయినా నేను ఐదు స్టార్లు ఇస్తున్నా. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద కథే చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

మా తాతది దేవరకొండ దగ్గర పల్లె. 1966లో మిలటరీలో చేరాడు, మద్రాస్ సాపర్స్‌లో. బెంగళూరులో ట్రైనింగ్. సాపర్స్ అంటే ఇంజనీర్ల దళం: వంతెనలు వేయడం, రోడ్లు వేయడం, శత్రువు భూమిలో పాతిన మైన్లు (మందుపాతరలు) తీసి మనవాళ్లకు దారి చేయడం వీళ్ల పని. తాత 1983లో రిటైరై ఊరికొచ్చి వ్యవసాయం చేశాడు, 2012లో పోయాడు. ఆయన వదిలి వెళ్లినవాటిలో తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసిన నల్ల ట్రంకు పెట్టె ఒకటి, అందులో బిస్కెట్ల డబ్బాలో ఐదు మెడల్స్. సేనా మెడల్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్. మాకు వీటి పేర్లు కూడా అప్పట్లో తెలియవు. "తాత మెడల్స్" అంటే ఐదూ ఒకటే అనుకునేవాళ్లం.

ఇవి మొదటిసారి ఫ్రేమ్ కట్టించింది ఈ షాపులో కాదు. తాత పోయిన ఏడాదికి, సంవత్సరీకం రోజు ఫొటో పక్కన పెడదామని తొందరపడి వేరే ఊళ్లో ఒక షాపులో ఇచ్చాం. ఆ షాపు పేరు చెప్పను. ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద ఐదు మెడల్స్‌ను ఫెవికాల్ పెట్టి అతికించేశారు. రిబ్బన్లు పొడుగ్గా ఉన్నాయని కత్తిరించారు. స్టార్ మధ్యలో ఉంటే లుక్ బాగుంటుందని పశ్చిమీ స్టార్‌ను మధ్యలో పెట్టి, సేనా మెడల్‌ను ఒక చివరకు తోశారు. మాకు తెలియదు కాబట్టి బాగుందనే అనుకున్నాం. మూడేళ్లకు సేనా మెడల్ నల్లబడింది. అది వెండి. నాయనమ్మకు మనసు ఒప్పక ఒక రోజు అద్దం ఊడదీయించి, పూజ సామాను తోమినట్టు విభూతి పెట్టి రుద్దింది. తళతళా మెరిసింది కానీ, మెడల్ మీద ఉబ్బెత్తుగా ఉండే బయొనెట్ (తుపాకీ కొసకు బిగించే కత్తి) బొమ్మ అంచులు కొంచెం అరిగిపోయాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. నాయనమ్మను ఏమంటాం, ఆమె ప్రేమతోనే చేసింది.

మొన్న వేసవిలో ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు ఆ ఫ్రేమ్ కిందికి దించితే వెనకాల అట్ట చెదపట్టి ఉంది. ఇక లాభం లేదని నేను, మా తమ్ముడు దాన్ని బట్టలో చుట్టుకుని బస్సెక్కి నల్గొండ వచ్చాం. గడియారం దగ్గర దిగి ఇద్దరు ముగ్గురిని అడిగితే ప్రకాశం బజార్‌లో ఒక చాచా ఉన్నాడు, పాత పద్ధతిలో చేతితో చేస్తాడు అని చెప్పారు. చిన్న షాపు. బయట దేవుళ్ల పటాలు, పెళ్లి ఫొటోలు, మక్కా ఫొటోలు అన్నీ కలిసి వేలాడుతుంటాయి. లోపల ఒక గోడకు కర్నల్ సంతోష్ బాబు ఫొటో ఉంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌ను నడిపిస్తూ ప్రాణాలిచ్చిన మన సూర్యాపేట బిడ్డ. ఆ ఏడాది ఆయన ఫొటోకు ఫ్రేమ్ కట్టించుకోవడానికి స్కూళ్ల వాళ్లు, యువజన సంఘాల వాళ్లు వరసగా వచ్చారట. ఒకటి మాత్రం డబ్బులు తీసుకోకుండా కట్టి, షాపులోనే పెట్టుకున్నానని చాచా చెప్పాడు. ఆ ఫొటో కింద చిన్న అట్ట ముక్క మీద "మహావీర చక్ర, మరణానంతరం" అని రాసి, పక్కన తెలుపు, కాషాయం రిబ్బన్ బొమ్మ వేసి ఉంది. నేను దాన్ని చూస్తుంటే, "కాషాయం ఎడమ భుజం దిక్కు రావాలె బిడ్డా, పెట్టుకున్నోని ఎడమ, మన ఎడమ కాదు. చాలామంది ఉల్టా ఏస్తరు" అన్నాడు. అక్కడే నాకు సగం నమ్మకం కుదిరింది.

మా మూట విప్పి చూపించాం. చాచా కళ్లజోడు పెట్టుకుని, వెలుతురు కోసం గుమ్మం దాకా తీసుకెళ్లి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫ్రేమ్ సైజు ఎంత, రంగు ఏది, రేటు ఎంత అని మాట్లాడతాడని మేం చూస్తున్నాం. ఆయన సేనా మెడల్ మీద వేలు పెట్టి అడిగిన మొదటి మాట:

"ఇది ఎందుకిచ్చిన్రు?"

"డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నాడు చాచా, అందుకు ఇచ్చారు" అన్నా.

"యుద్ధంల ఉన్నందుకు ఇచ్చినయి ఇవి" అని పశ్చిమీ స్టార్‌ను, సంగ్రామ్ మెడల్‌ను చూపించాడు. "ఇది గట్ల అందరికీ రాదు. మీ తాత ఏం చేసిండని ఇచ్చిన్రు? కాయితం ఉంటది. ఇంట్ల ఎతుకుండ్రి. అది తెచ్చినంక కొలతలు తీస్త."

అంతే. అడ్వాన్స్ కూడా తీసుకోలేదు. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లు వచ్చాయి, ఆ మెడల్ ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యంలో కూడా చెప్పలేకపోయా. తిరుగు బస్సులో తమ్ముడు, నేను పెద్దగా మాట్లాడుకోలేదు.

ట్రంకు పెట్టె మొత్తం బోర్లించాం. పాస్‌బుక్కుల కింద, డిశ్చార్జ్ బుక్కు మధ్యలో నాలుగు మడతలుగా మడిచిన టైపు కాగితం దొరికింది. ఇంగ్లిష్‌లో ఉంది, మడతల దగ్గర చిరిగింది. నాయనమ్మకు దాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంటే ఆమె మధ్య మధ్యలో ఆపి తాత తనకు చెప్పినవి కలిపింది, అలా రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాం.

1971 డిసెంబర్, పాకిస్తాన్‌తో పశ్చిమ సరిహద్దు దగ్గర షకర్‌గఢ్ సెక్టార్. బసంతర్ నది దగ్గర పాకిస్తాన్ వాళ్లు మైన్లు దట్టంగా పాతి పెట్టారు. మన ట్యాంకులు నది దాటి ముందుకు పోవాలంటే ముందు సాపర్లు వెళ్లి దారి తీయాలి. ట్యాంకుల కోసం పాతినవి మనిషి బరువుకు మామూలుగా పేలవు కానీ వాటి మధ్యలో మనుషుల కోసం పాతినవి కలిపి ఉంటాయి. మెషీన్లు ఉన్నా అవి ఆగిన చోట చేతితోనే పని. నేల మీద పడుకుని, బయొనెట్ కొసను ఏటవాలుగా, మెల్లగా మట్టిలోకి దించాలి. నిటారుగా గుచ్చితే మైన్ నెత్తి మీద ఒత్తినట్టే. గట్టిగా తగిలితే ఆగి, చుట్టూ మట్టిని వేళ్లతో తీయాలి. మళ్లీ బెత్తెడు జరిగి ఇంకోసారి. మీద నుంచి గుండ్లు పడుతుంటాయి. తాత నాయనమ్మకు చెప్పిన మాట ఇది: "పల్లి చెట్టు చుట్టు మట్టి తీస్తం సూడు, కాయ తెగకుండ, గట్లనే." మా ఊళ్లో అందరూ వేసేది పల్లి చేనే. ఆయన ఇరవై ఏళ్లు దాటగానే చలిలో, చీకట్లో, చావు పక్కన పడుకుని, ఊళ్లో చేలో నేర్చుకున్న చేతి నేర్పుతో పని చేశాడన్నమాట.

కాగితంలో ఉన్నది ఇంకొంచెం. పక్కన పని చేస్తున్న మనిషికి గుండు ముక్క తగిలి పడిపోతే తాత అతన్ని, తాము తీసిన దారిలోనే వెనక్కి లాక్కొచ్చి అప్పగించి, మళ్లీ తన జాగాకు వెళ్లి మిగిలిన దారికి గుర్తులు పెట్టాడు. ఆయన చెయ్యికి కూడా దెబ్బ తగిలింది. ఎడమ మోచేతి పైన ఉన్న మచ్చ మా అందరికీ తెలుసు, బావి దగ్గర పడ్డాడని అనుకునేవాళ్లం.

ఆ పోరులోనే, డిసెంబర్ 16న, ట్యాంకు వదలకుండా పోరాడి చనిపోయిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన వయసు 21. ఆయన పేరు చాలామందికి తెలుసు. మైన్లు తీయించిన ఇంజనీర్ అధికారి మేజర్ విజయ్ రతన్ చౌదరికి మహావీర చక్ర వచ్చింది, మరణానంతరమే. మైన్లు సగమే తీసిన దారిలోంచే ఆ రాత్రి ట్యాంకులు నది దాటి వెళ్లాయి. ఆ సగం దారిలో మా తాత చేతితో తడిమిన నేల కొంత ఉంది.

కాగితం పట్టుకుని మళ్లీ వెళ్తే చాచా నన్ను చదివి చెప్పమన్నాడు. షాపులో ఇంకో ఇద్దరు గిరాకీలు ఉన్నారు, వాళ్లను ఆగమని చెప్పి మొత్తం విన్నాడు. తర్వాత మెడల్ తీసి నా అరచేతిలో పెట్టి, మీద ఏముందో చూడమన్నాడు. కొస పైకి పెట్టిన బయొనెట్. అన్ని సేనా మెడల్స్ మీదా అదే బొమ్మ ఉంటుంది. కానీ తాత ఆ బయొనెట్‌తో చేసిన పని తెలిశాక నాకు అది వేరేగా కనిపించింది. ఎన్నిసార్లు చూశానో చిన్నప్పటి నుంచి, అప్పుడే మొదటిసారి చూసినట్టయింది.

ఇక పని సంగతి. చాచా కుర్రప్పుడు సికింద్రాబాద్‌లో ఒక షాపులో పనిచేశాడట, అక్కడికి రెజిమెంట్ల పని వచ్చేది, అలా నేర్చుకున్నాడు. మొదట ఫెవికాల్ వదిలించాలి. గోరువెచ్చని నీళ్లలో దూది తడిపి, పిండి, రిబ్బన్ వెనక నుంచి కొంచెం కొంచెం అద్దుతూ మెత్తబరిచాడు. సేనా మెడల్ రిబ్బన్ ఎరుపు, మధ్యలో సన్నటి తెల్ల గీత. ఎరుపు కారి తెలుపులోకి దిగుతుందేమోనని ముందు ఒక మూల చిన్న దారప్పోగు తడిపి చూశాకే మొదలుపెట్టాడు. ఒక్క రిబ్బన్‌కు పూట పట్టింది. కత్తిరించిన వాటికి కొత్త రిబ్బన్ తెప్పించాల్సి వచ్చింది, సికింద్రాబాద్ తిరుమలగిరి వైపు మిలటరీ సామాన్ల షాపుల్లో దొరుకుతుందని చెప్తే తమ్ముడు వెళ్లి తెచ్చాడు. నేను పాతవి పడేద్దామన్నా. "అది మీ తాత గుండె మీద ఉన్నది బిడ్డా" అని వాటిని పల్చటి తెల్ల కాగితంలో మడిచి ఫ్రేమ్ వెనక చిన్న జేబులాంటిది చేసి అందులో పెట్టాడు.

నల్లబడ్డ వెండిని మళ్లీ మెరిపించమంటే ఒప్పుకోలేదు. మెత్తటి నూలు గుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. ఎంత రుద్దితే అంత వెండి పోతుంది, ఆ నలుపు ఉంటే ఉండనీ అన్నాడు. మీరూ చింతపండు, విభూతి, బ్రాసో లాంటివేవీ పెట్టకండి. ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండ్లు కూడా వెండికి పడవు, నల్లబరుస్తాయి. మా పాత ఫ్రేమ్‌లో రిబ్బన్లు మడిచిన చోట రబ్బరు బ్యాండ్లే వేసి ఉన్నాయి, సేనా మెడల్ దాని పక్కనే ఎక్కువ నల్లగా ఉంది.

వరస కూడా సరి చేశాడు. ఛాతీ మధ్య వైపు ఉండేది పెద్ద గౌరవం, అక్కడి నుంచి ఎడమ భుజం వైపు తక్కువ వరసలోవి. అంటే ఎదురుగా చూసేవాళ్లకు ఎడమ చివర సేనా మెడల్, తర్వాత పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 25వ వార్షికోత్సవం, చివర తొమ్మిదేళ్ల సర్వీసు. జిగురు అనేదే లేదు. యాసిడ్ లేని తెల్ల అట్ట మీద నూలు గుడ్డ పరిచి, రిబ్బన్ పై మడతను దారంతో కుట్టాడు. మెడల్స్‌కు ముందున్న అక్రిలిక్ షీటు తగలకుండా రెండంగుళాల లోతున్న పెట్టె ఫ్రేమ్. టేకు చెక్క, నగిషీలు లేవు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వెనక తలుపు. సంగ్రామ్ మెడల్ అంచు మీద తాత నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. భూతద్దం పెడితే కనిపిస్తుంది. పాత ఫ్రేమ్‌లో అంచు జిగురులో మునిగిపోయింది కాబట్టి మేం ఎప్పుడూ చూడలేదు. పేరు ముందు "ఎస్‌పీఆర్" అని ఉంటే ఇంటిపేరు తప్పు చెక్కారేమో అనుకున్నాం, అది సాపర్ అనే ర్యాంకు. అప్పటికి తాత దళంలో కింది మెట్టు మీదే ఉన్నాడు. చాచా ఆ పేరు మూసేయడం ఇష్టం లేక వెనక అట్టకు చిన్న ఇత్తడి బందులు, గొళ్లెం పెట్టాడు. గొళ్లెం తీస్తే మెడల్స్ ఉన్న పలక మొత్తం బయటకు వస్తుంది, చేతితో పట్టుకుని చూడొచ్చు.

కింద రాసే పేరు దగ్గర కొంచెం ఇబ్బంది అయింది. చాచాకు తెలుగు టైపింగ్ లేదు, పక్క వీధిలో డీటీపీ వాళ్లకు ఇచ్చాం. వాళ్లు "సేవా మెడల్" అని కొట్టారు. ఒక్క అక్షరమే కదా, ఎవరు చూస్తారులే అన్నట్టు మాట్లాడారు. విశిష్ట సేవా మెడల్ అని వేరే ఉంది, అది ధైర్యానికి ఇచ్చేది కాదు, కాబట్టి ఒక్క అక్షరంతో తాత చేసిన పనే మారిపోతుంది. మళ్లీ కొట్టించాం. ఇంకో సంగతి, తాత పోయినప్పుడు ఊళ్లో కట్టిన ఫ్లెక్సీల మీద "వీరచక్ర గ్రహీత" అని వేశారు. అభిమానంతో వేశారు, తప్పు పట్టను. కానీ తాత బతికున్నప్పుడు ఎవరైనా అలా అంటే వెంటనే "కాదు, సేనా మెడల్" అని దిద్దేవాడు, పంద్రాగస్టు నాడు స్కూల్లో మైక్ దగ్గరికి వెళ్లి మరీ. యుద్ధంలో శత్రువు ఎదుట చూపిన ధైర్యానికి పరమవీర, మహావీర, వీర చక్రలు. యుద్ధభూమి కాని చోట చూపిన ధైర్యానికి అశోక, కీర్తి, శౌర్య చక్రలు. సేనా మెడల్ 1960లో మొదలైంది, వాటి తర్వాతి వరస. తర్వాతి వరస అయితే ఏంటి? తాతకు వచ్చింది అది, ఆయన దానికే తలెత్తుకుని బతికాడు. లేనిది కలిపితే ఉన్నదాన్ని చిన్నబుచ్చినట్టే. చాచా కూడా అదే పట్టు పట్టాడు, "వీరుడు, ధీరుడు" లాంటివి రాయనీయలేదు. ర్యాంకు, పేరు, మద్రాస్ సాపర్స్, సేనా మెడల్, బసంతర్, డిసెంబర్ 1971. కింద కాగితంలోని నాలుగు వాక్యాల తెలుగు. అసలు కాగితాన్ని ఫ్రేమ్‌లో పెట్టలేదు, వెలుతురుకు అక్షరాలు పోతాయని చెప్పి, ఫోల్డర్‌లో పెట్టి దాచుకోమన్నాడు.

డబ్బులు: మొత్తం 4,200 అయింది. అందులో అట్ట, టేకు, ఇత్తడి బందులు, అద్దం బదులు వేసిన అక్రిలిక్ షీటు అన్నీ కలిపి. రిబ్బన్‌కు మేం పెట్టుకున్నది వేరు. సేనా మెడల్‌కు నెలనెలా వచ్చే భత్యం 2017 ఆగస్టు నుంచి 2,000 చేశారు, అది నాయనమ్మ ఖాతాలో పడుతుంది. ఫ్రేమ్ డబ్బులు అందులోంచే ఇస్తానని ఆమె పట్టుబట్టింది, మమ్మల్ని ఒక్క రూపాయి ఇవ్వనీయలేదు.

ఇప్పుడు నచ్చనివి. పది రోజులన్నారు, ఇరవై ఆరు రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు దేవరకొండ నుంచి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చాం, ఫోన్ ఎత్తి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కాదు. అన్ని రోజులు మెడల్స్ అక్కడ ఉన్నాయంటే మాకు ఎంత టెన్షనో చెప్పలేను. ఇచ్చినప్పుడు రసీదు అడిగితే చిన్న చీటీ మీద "మెడల్స్ 5" అని రాశాడు. మీరు వెళ్తే ప్రతి మెడల్‌కు ముందు, వెనక, అంచు ఫొటోలు తీసుకుని ఇవ్వండి. అక్రిలిక్ మీద ట్యూబ్‌లైటు వెలుగు పడితే మెరుపు కొడుతుంది, గోడ చూసుకుని పెట్టుకోవాలి. ఎండ తగిలే గోడ అస్సలు వద్దు, రిబ్బన్ రంగు పోతుంది. సాయంత్రం ఆ బజార్‌లో నిలబడటానికే సందు ఉండదు, పొద్దున పదకొండు లోపు వెళ్తే చాచా తీరిగ్గా మాట్లాడతాడు. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. కాగితాలు ఉంటే మొదటిసారే పట్టుకుపోండి, మాలాగా రెండు ట్రిప్పులు వద్దు.

ఫ్రేమ్ ఇంటికి తెచ్చిన రోజు నాయనమ్మ గోడకు కొట్టనీయలేదు. ముందు ఒళ్లో పెట్టుకుని వెనక గొళ్లెం తీయమంది. ఆమెకు చదువు రాదు. సంగ్రామ్ మెడల్ అంచు మీద పేరు ఎక్కడ మొదలవుతుందో నా చేత చూపించుకుని, బొటనవేలి గోరు అక్కడ పెట్టి, అంచు చుట్టూ మెల్లగా తిప్పింది. ఇప్పుడు వారానికి ఒకసారైనా ఆ గొళ్లెం తీయిస్తుంది.